చుక్కలు పెట్టొద్దని ఎవరన్నారు?

నెలగంట పట్టి వారాలు గడిచాయి. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా, ముగ్గు చిప్ప చేతిలోకి తీసుకుంటే చాలు, ఎక్కణ్ణించో వేడి వచ్చేస్తుంది నాకు. మా ఆయన మాత్రం "ఈ మంచులో ఆ తిప్పలేమిటే, ఎవరు చూడొచ్చారు?" అంటూ దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంటారు. ఎవరేమిటి, పాలవాడొస్తాడు, పేపరబ్బాయి వస్తాడు. చాలదూ?

ఈసారి మీతో చుక్కల ముగ్గుల ముచ్చట చెప్పుకోవాలనిపించింది. దానికి కారణం మొన్న రాత్రి పదిన్నరకి వచ్చిన ఫోను. ఆ వేళప్పుడు ఫోను మోగితే గుండె గుభేలుమంటుందా లేదా? తీరా చూస్తే డాలస్ నుంచి మా పిన్ని కూతురు. అక్కడ పగలు పదకొండు.

"అక్కా, పడుకున్నావా?"

"పడుకున్నదాన్ని మాట్లాడతానుటే? ఏమైంది, పిల్లలు బాగున్నారా?"

"అందరం బాగున్నాం. ముగ్గే వంకరొస్తోంది."

అదీ సంగతి. సంక్రాంతికి అక్కడి తెలుగువాళ్లంతా కలిసి ఏదో హాలు తీసుకుని ముగ్గుల పోటీ పెడుతున్నారట. ఎవరో దీన్ని ముగ్గులోకి దింపారు. పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులో నాలుగో అంతస్తు ఫ్లాట్లో. వాకిలంటే లిఫ్టు ముందు రెండు గళ్ల జాగా. ఇప్పుడేమో ఎక్కడో ఓ పదిహేను చుక్కల ముగ్గు చూసి, కారు బయట పెట్టేసి, గ్యారేజీ నేల మీద సుద్దముక్కతో సాధన మొదలెట్టింది.

"బొమ్మలో గుండ్రంగా, తామరపువ్వులా ఉందక్కా. నాదేమో కోడిగుడ్డు నిలబెట్టినట్టు పైకి సాగిపోతోంది."

"సరిచుక్కా, సందుచుక్కా?"

అటు నుంచి చప్పుడు లేదు.

తెలిసినవాళ్లు నవ్వకండి. తెలియని పిల్లలూ మన ముచ్చట్లు చదువుతారు కదా, వాళ్ల కోసం చెబుతున్నా. సరిచుక్క అంటే చుక్క కింద చుక్క, పక్కన చుక్క. ఏ నాలుగు చుక్కలు తీసుకున్నా నాలుగు మంచంకోళ్లలా ఉంటాయి. సందుచుక్క అలా కాదు. పై వరుసలో రెండు చుక్కల మధ్య సందు ఎక్కడుందో, కింది వరుస చుక్క అక్కడ పడాలి. అప్పుడు ఏ మూడు చుక్కలు పట్టుకున్నా మూడు పొయ్యిరాళ్లలా కనబడతాయి. కొన్ని ఊళ్లలో దీన్నే మధ్యచుక్క అంటారు. మంచంకోళ్ల మీద మెలికలు, గళ్లు, రథాలు బాగా కుదురుతాయి. పొయ్యిరాళ్ల మీద పూలు, నక్షత్రాలు, ఆరు రేకుల వ్యవహారాలు కుదురుతాయి. ఒకదానికి పెట్టాల్సిన చుక్కలు ఇంకోదానికి పెట్టారో, బ్రహ్మదేవుడు దిగొచ్చినా గీతలు కలవవు.

"చుక్కకీ చుక్కకీ ఎంత ఎడం పెట్టావ్?" అన్నాను.

"జానెడు."

"వరుసకీ వరుసకీ?"

"అదీ జానెడే. స్కేలు పెట్టి కొలిచానక్కా!"

అక్కడే బోల్తా పడింది పిచ్చిది. సందుచుక్కకి వరుసల మధ్య ఎడం, చుక్కల మధ్య ఎడం కన్నా కాస్త తగ్గాలి. జానెడు పెడితే వేలున్నర మందం తక్కువన్నమాట. అప్పుడే మూడు పొయ్యిరాళ్లూ సమానంగా ఉంటాయి, గిన్నె ఒరగదు. రెండు ఎడాలూ ఒక్కటే పెడితే ముగ్గు నిలువుగా సాగి గుడ్డయి కూర్చుంటుంది. ఇది మా అమ్మగానీ అమ్మమ్మగానీ కొలిచి పెట్టినది కాదు. కన్నే చెప్పేది వాళ్లకి.

"పొయ్యిరాళ్లంటే ఏంటక్కా?" అంది.

ఇంకేం చెప్పను! గ్యాసు స్టవ్వు కూడా కాదు, కరెంటు పొయ్యి మీద వండుకునే మనిషికి మూడు రాళ్ల సంగతి మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. వీడియో పెట్టనా అంది. వద్దన్నాను. నా ఫోనుకి అంత ఓపిక లేదు, కళ్లజోడు వెతుక్కునే ఓపిక నాకూ లేదు.

"పదిహేను వదిలెయ్. ముందు అయిదుతో పట్టు. అయిదు నుంచి మూడు వచ్చేదాకా, సందుచుక్క" అన్నాను.

మీరూ ఓ కాగితం తీసుకోండి. మధ్య వరుసలో అయిదు చుక్కలు. దాని పైన సందుల్లో నాలుగు, ఆ పైన మూడు. కింద కూడా అలాగే నాలుగు, మూడు. మొత్తం 19. ఎప్పుడూ మధ్య వరుస నుంచే మొదలుపెట్టాలి, అందులోనూ మధ్య చుక్క నుంచి. పై వరుస నుంచి దిగుతూ వస్తే ముగ్గు ఓ పక్కకి జరిగిపోతుంది, సగం చెప్పుల స్టాండు కిందికి పోతుంది.

ఇప్పుడు నట్టనడుమ ఒక చుక్క, దాని చుట్టూ ఆరు చుక్కలు కనబడుతున్నాయా? ఆ ఆరూ కోట లోపలి ద్వారాలనుకోండి. పై వరుసలో మూడు చుక్కలున్నాయి కదా, వాటిలో మధ్యది శిఖరం. దాని నుంచి రెండు గీతలు దింపి, కింద ఉన్న లోపలి చుక్కలు రెండింటికి కలపండి. ఒక కోణం వచ్చింది. నాలుగు చుక్కల వరుసల్లో చివరి చుక్కలున్నాయే, పైన రెండు, కింద రెండు, అవీ శిఖరాలే. అట్టడుగు వరుసలో మధ్యది ఆరోది. ఒక్కో శిఖరాన్నీ దగ్గర్లోని రెండు లోపలి చుక్కలకి కలిపితే ఆరు మూలల నక్షత్రం అయింది. ఇంకా ఆరు చుక్కలు బయట ఒంటరిగా మిగిలి ఉంటాయి, మూలమూలకీ ఒకటి. లోపలి చుక్క నుంచి ఆ ఒంటరి చుక్క దాకా ఓ తామర రేకు లాగండి. అయిపోయింది. ఒక్క చుక్క మిగల్లేదు, ఒక్క చుక్క తక్కువ కాలేదు.

"అమ్మో, వచ్చేసిందక్కా!" అని అరిచింది అటు నుంచి. ఒక్క బొమ్మ చూపించకుండా, కాకినాడలో మంచం మీద కూర్చున్న నా నోట్లోంచి డాలస్ గ్యారేజీ నేల మీదికి వెళ్లిపోయింది ముగ్గు.

ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ముగ్గులెప్పుడూ ఇలాగే కదా ఇల్లు మారాయి! బొమ్మను ఎత్తుకెళ్లడం ఎవరివల్ల అవుతుంది? లెక్కను పట్టుకెళ్తారు. "పదిహేను నుంచి ఎనిమిది, సందుచుక్క" అంటే చాలు, సగం ముగ్గు చెప్పేసినట్టే. మా చిన్నప్పుడు పంపు దగ్గర, గుళ్లో, పేరంటంలో ఇద్దరాడవాళ్లు కలిస్తే ఈ అంకెలే వినపడేవి. ఆ పదిహేను నుంచి ఎనిమిదికి మొత్తం ఎన్ని చుక్కలో ఎప్పుడైనా లెక్కపెట్టారా? 169. ఏడు నుంచి నాలుగైతే 37. ఇంటి వెనక వంటచెరుకు మోపుల లెక్క తప్పేవాళ్లు కూడా ఈ లెక్క తప్పేవాళ్లు కాదు.

మా అమ్మ దగ్గరో ముగ్గుల పుస్తకం ఉంది. అట్ట మీద 'లెక్కలు' అనే ఉంటుంది, ఎందుకంటే మా మావయ్య బళ్లో వాడి వదిలేసిన గళ్ల నోటుబుక్కు అది. మొదటి నాలుగు పేజీల్లో మావయ్య తప్పు చేసిన భాగహారాలు, వాటి మీద మాస్టారి ఎర్రసిరా. అయిదో పేజీ నుంచి మా అమ్మ చుక్కలు. ప్రతి ముగ్గు కింద అంకెలు, అంకెల పక్కన ఎవరిచ్చారో వాళ్ల పేరు. 'నిడదవోలు పెద్దత్తయ్య.' 'పోస్టుమాస్టరు గారి భార్య.' 'మేడ మీద కొత్త కోడలు.' ఒక పేజీలో 'రైల్లో ఆవిడ, తెనాలి' అనుంది. తెనాలిలో ఎక్కి బెజవాడలో దిగిపోయిందట. పేరు తెలియదు, మళ్లీ కనపడలేదు. ఆ కాస్త ప్రయాణంలో "పదకొండు చుక్కలు మూడు వరుసలు, మూడు వచ్చేదాకా సరిచుక్క" అని ఒక తీగల పందిరి చెప్పేసి వెళ్లిందట. అమ్మ దాన్ని చీటీ వెనక రాసుకొచ్చి, ఇంటికొచ్చాక పుస్తకంలో ఎక్కించింది. ఇప్పటికీ ఆ ముగ్గు వేసినప్పుడల్లా "రైలావిడ ముగ్గు" అంటుంది.

ఆ పుస్తకంలో అందరి పేర్లూ ఉన్నాయి, అమ్మమ్మ పేరు ఒక్కటే లేదు. ఎందుకో చెబుతాను.

'ముత్యాల ముగ్గు' సినిమా వచ్చింది చూడండి, 1975లో, ఆ ఏటి ధనుర్మాసం. నాకప్పుడు ఎనిమిదేళ్లు. సెలవులకి అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నాం. తాతయ్య పోయి అప్పటికి కొన్నేళ్లయింది. ఊరు మొత్తానికి అమ్మమ్మ చేతిముగ్గంటే పేరు. బియ్యప్పిండిలో చూపుడువేలు, బొటనవేలు ముంచి తీస్తే వెంట్రుక వాసి గీత పడేదట, ఎక్కడా లావు సన్నం లేకుండా. అయితే తాతయ్య పోయాక పండగ ముగ్గు, పేరంటం, పసుపు కుంకాల పళ్లెం, ఈ మూడింటి దగ్గరికీ ఆవిడ రాకూడదు. మా ఊళ్లో, మా ఇళ్లల్లో అప్పటి పద్ధతి అది. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ మొహం మీద అననూ లేదు. నెలగంట పట్టే రోజుకి గూట్లో ఆవిడ ముగ్గు చిప్ప ఉండేది కాదు, అంతే.

ఓ రోజు తెల్లారగట్ల నాలుగింటికి నాకు మెలకువొచ్చింది. దొడ్లోకి వెళదామని లేస్తే వీధి తలుపు ఓరగా తీసి ఉంది. వాకిట్లో లాంతరు వెలుగు. కళ్లాపి చల్లిన నేల ఇంకా తడిగా నల్లగా మెరుస్తోంది. అమ్మమ్మ నడుం వంచి, మోకాళ్లు మడవకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ చుక్కలు పెడుతోంది. గడపకి సరిగ్గా ఎదురుగా ఒకటి పెట్టి, అక్కణ్ణించి అటు ఏడు, ఇటు ఏడు. చిటికెడు పిండి, వేలితో చిన్న తాటింపు, అంతే. పొయ్యడం లేదు, రాల్చడం లేదు. పెట్టిన చుక్క మీద పాదం పడదు, చీరకొంగు తగలదు. లాంతరు ఆవిడ వెనకుంది. ఆవిడ నీడ చుక్కల మీద పడుతున్నా చెయ్యి తడబడటం లేదు.

పిల్లనోరు కదా, ఊరుకుందా! "అమ్మమ్మా, నువ్వు ముగ్గు వెయ్యకూడదుగా?" అనేశాను. ఎవరి దగ్గర విన్నానో ఆ మాట.

ఆవిడ ఉలిక్కిపడలేదు. నడుం ఎత్తకుండానే, "ముగ్గెక్కడ వేశానే? చుక్కలేగా! చుక్కలు పెట్టొద్దని ఎవరన్నారు?" అంది.

చివరి వరుస ఎనిమిదీ పెట్టి, లాంతరు తీసుకుని లోపలికెళ్లిపోయింది. కాసేపటికి కవ్వం చప్పుడు మొదలైంది. ఆ తరవాత అమ్మా పిన్నీ లేచి వాకిట్లోకి వచ్చారు. చుక్కలు ఎవరు పెట్టారని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఎన్నాళ్ల నుంచి నడుస్తోందో ఆ భాగోతం! ఇద్దరూ చుక్కల్ని అటూ ఇటూ నడుస్తూ చూశారు. "పదిహేను, ఎనిమిది. తామరా?" అంది పిన్ని. "కాదే, నిన్న తామర అయింది. చిలకలు" అంది అమ్మ. గీతలు మొదలయ్యాయి.

చూశారా, అక్కడుంది అసలు కిటుకు. గీతలు గీసేది అమ్మే అయినా, ఆ రోజు ఏ ముగ్గో నిర్ణయించేది అమ్మమ్మ. పొయ్యిరాళ్లు పరిచి ఉంచితే వాటి మీద రథం నిలబెట్టడం ఎవరివల్లా కాదు. ఒకసారి ఏవో వింత లెక్కలు పెట్టింది, వరుసకో రకం. అమ్మకీ పిన్నికీ తల తిరిగిపోయింది. అయిదు నిమిషాలు నిలబడిపోయారు. కిటికీలోంచి ఓ దగ్గు వినిపించింది. తరవాత, ఎవరికీ కాదన్నట్టు, "నెమళ్లకి తోకలు కిందికుంటాయి కాబోలు" అన్న గొంతు. ఇక చకచకా రెండు నెమళ్లు దిగిపోయాయి వాకిట్లోకి. తెల్లారాక వీధిలో వాళ్లంతా చూసి "తల్లి చేతివాటమే వచ్చింది పిల్లలకి" అన్నారు. అప్పటికి చుక్కలన్నీ గీతల కింద కలిసిపోయాయి. తొమ్మిదయ్యేసరికి చీమలూ పిచ్చుకలూ గీతల్నీ పంచుకున్నాయి.

గొబ్బెమ్మలు పెట్టేది మేము పిల్లలం. పేడ ముద్ద, దాని మీద గుమ్మడిపువ్వు, పసుపు, కుంకుమ. మధ్యాహ్నం వాటినే పిడకలు చేసి గోడకి కొడితే రథసప్తమి నాడు పాలు పొంగించడానికి దాచేవారు. ఇంక కనుమ నాడు రథం ముగ్గు. దాని తాడు లాక్కుంటూ వెళ్లి పక్కింటి రథానికి కలపాలి. పక్కింటివాళ్లకీ మాకూ ఆ ఏడాది మురుగు కాలవ దగ్గర మాటల్లేవు. అయినా తాడు మాత్రం కలిసింది, ఎవరు కలిపారో చూడలేదు.

అమ్మమ్మ పోయి చాలా కాలమైంది. మూడేళ్ల కిందట నాన్నగారు కూడా వెళ్లిపోయారు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆ ఏటి నెలగంట రోజున పొద్దున్నే లేచి, ముగ్గు చిప్ప తెచ్చి నా చేతిలో పెట్టి "నువ్వు వెయ్యమ్మా" అంది. నాకు ఒక్కసారిగా ఆ లాంతరు వెలుగు కళ్లముందుకొచ్చింది. "నాకు నడుం పట్టేసిందే అమ్మా, వంగలేను" అన్నాను. అబద్ధమే. అమ్మ కాసేపు నన్నే చూసింది. "పోనీ చుక్కలు పెడతాను" అంటూ వంగింది. తొమ్మిది నుంచి అయిదు, సందుచుక్క. పెట్టేసి నిలబడి మళ్లీ నా వంక చూసింది. "పాలు పొంగుతున్నాయి" అని లోపలికి పారిపోయాను. స్టవ్వు వెలిగించనే లేదు.

నేను కాఫీ గ్లాసుతో వచ్చేసరికి గీతలు సగం పడ్డాయి. మా ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి ఏదో అనబోతోంది. ఆవిడ నోరు మంచిదే, కాకపోతే పాతకాలం మనిషి. అమ్మ తల కూడా ఎత్తకుండా "నీకు ఈ ముగ్గు రాదుగా, ఇలా రా, నేర్పుతాను" అని చిప్ప చాచింది. ఆవిడ రెండు క్షణాలు తటపటాయించి, చెప్పులు విడిచి లోపలికొచ్చింది. ఆ తరవాత ఇద్దరూ నా వాకిలి వదిలితే ఒట్టు. నిరుడు మాకు తెలియకుండా రంగులు కూడా తెప్పించుకున్నారు.

ఇలా మనింట్లో నేర్చుకునేవే పెద్ద విద్యలు అంటే నవ్వేవాళ్లున్నారు. వాత్స్యాయనుడి అరవై నాలుగు కళల జాబితాలోనే బియ్యంతో, పూలతో ముగ్గులు తీర్చడం ఉందని వాళ్లతో చెప్పండి. తమిళంలో కోలం, బెంగాల్లో ఆల్పన, రాజస్థాన్లో మాండనా. చుక్కలు పెట్టి లెక్కగా వెయ్యడం మాత్రం ఎక్కువగా మన దక్షిణాది వాళ్ల పిచ్చి. ఆ లెక్క సంగతి తేల్చడానికి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం వాళ్లు, గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృత్తివాసన్, కంప్యూటరు భాషలకి రాసినట్టుగా కోలాలకి వ్యాకరణం రాసి 1974లో అచ్చు వేయించారు. భాషకి ఉన్నట్టు ముగ్గుకీ వ్యాకరణం! రైల్లో ఆవిడ ఆ వ్యాకరణమే తెనాలి నుంచి బెజవాడ దాకా వల్లించిందని నాకు ఇప్పుడనిపిస్తుంది.

మెలికల ముగ్గులో ఇంకో చోద్యముంది. మా మేనల్లుడు ఆరో తరగతి. దసరా సెలవుల్లో "గసాభా ఎందుకత్తా, ఎవడికి పనికొస్తుంది?" అని గునిశాడు. గరిష్ఠ సామాన్య భాజకం అట. మా కాలంలోనూ అదే పేరు, అదే గునుపు. వాణ్ణి వాకిట్లోకి లాక్కెళ్లాను. రెండు చుక్కలు, దాని కింద రెండు, మంచంకోళ్లు. మెలిక వెయ్యమన్నాను. మెలిక అంటే గీత చుక్కని తాకకూడదు, చుక్కకీ చుక్కకీ మధ్య ఏటవాలుగా అడ్డం దాటుతూ, అంచుకొచ్చేసరికి చుట్టి వెనక్కి తిరగాలి. వాడి గీత బయల్దేరిన చోటికే వచ్చి ఆగిపోయింది, చూస్తే సగం ముగ్గు ఖాళీ. ఇంకో గీత వేస్తేగానీ నిండలేదు. రెండు గీతలు. సరే, ఇప్పుడు రెండు చుక్కలు మూడు వరుసలు పెట్టమన్నాను. ఒక్క గీతతో మొత్తం ముగ్గంతా చుట్టేసి మొదటికొచ్చింది. మూడు మూళ్లకి మూడు గీతలు. మూడు నాలుగులకి మళ్లీ ఒకటే. నాలుగు చుక్కలు ఆరు వరుసలకి రెండు. అప్పటికి వాడి కళ్లు ఇంతింతయ్యాయి. "అత్తా, గసాభా!" అని గెంతాడు. నిజమే, ఇలా నిండు పలకలా పరిచిన చుక్కలకి, మధ్యలో ఎక్కడా మెలిక తెంచకుండా వేస్తే, వరుసల సంఖ్యకీ చుక్కల సంఖ్యకీ గసాభా ఎంతో, అన్ని గీతలు పడతాయి. అందుకే చెయ్యి ఎత్తకుండా ముగ్గు వెయ్యాలనుకునే మా పెద్దలు మూడు నాలుగులు, నాలుగు అయిదులు పెట్టుకునేవారు కాబోలు. కాబోలేనండోయ్, నేనేం పరిశోధన చెయ్యలేదు.

ఆఫ్రికాలో అంగోలా దేశంలో చోక్వే అనే జనం ఇసకలో వేళ్లతో ఇలాగే ముందు చుక్కలు పొడిచి, తరవాత చుక్కల చుట్టూ గీత తిప్పుతూ కథలు చెబుతారట. సోనా అంటారు వాటిని. మన మెలికలకి తోబుట్టువుల్లా ఉంటాయి. ఒక్కటే తేడా, అక్కడ గీసేది మగవాళ్లు. ఈ సంగతి మా ఆయనకి వినిపించేలా రెండుసార్లు చదివాను. దుప్పటి కదల్లేదు.

మా తమ్ముడుండే హైదరాబాదు ఫ్లాట్లలో కారిడార్లో ముగ్గులు వెయ్యరాదని ఓ కాగితం అంటించారు, పిండి లిఫ్టులోకి వస్తోందట. నున్నటి టైల్సు మీద పిండి నిలవదు కూడా, కాస్త గాలికే జారిపోతుంది. కొందరు స్టిక్కర్లు అంటించుకున్నారు. నేనేమీ అనను, పొద్దున్న ఏడుకి బస్సెక్కే పిల్లలు వాళ్లు. కాకపోతే వాళ్ల ఎదురు ఫ్లాటు వరంగల్లావిడ మాత్రం "సాన్పి చల్లని వాకిలి వాకిలేనా" అంటూ, గుమ్మం లోపలే ఓ పీట మీద బియ్యప్పిండి తడిపి రోజూ అయిదు చుక్కల ముగ్గు పెడుతుంది. పీట మీద కాగితం వర్తించదట. మా అమ్మమ్మ వింటే ఎంత మురిసిపోయేదో!

టైల్సు మీద వేసేవాళ్లకి నాకు తెలిసినది ఒకటి చెబుతాను. తడిబట్టతో తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే చుక్కలు పెట్టెయ్యండి. ఉత్త ముగ్గుపిండి అయితే ముద్దలు కడుతుంది, జల్లించిన సన్న ఇసక కాస్త కలిపితే వేళ్ల మధ్య నుంచి సాఫీగా జారుతుంది. బియ్యప్పిండిలో మాత్రం ఏమీ కలపకండి. చీమలకి ఇసకెందుకు!

ఇది రాసి ముగిద్దామనుకుంటుండగా నిన్న రాత్రి మళ్లీ డాలస్ ఫోను.

"అక్కా, 19 అన్నావు కదా. నాకు 20 వస్తున్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను."

"ఏ వరుసలో ఎక్కువైంది?"

"వరుసలో కాదక్కా. నక్షత్రం పక్కన. ఓ క్షణం ఉండు." ఫోను అవతల ఏదో గలాటా, ఏడుపు. మళ్లీ వచ్చింది. "మా చిన్నది పెట్టిందట. చెరపబోతే గోల గోల చేస్తోంది. రేపే పోటీ. ఏం చెయ్యమంటావ్?"

"ఉండనివ్వవే. చుక్కేగా!" అన్నాను.